దున్నేవాడి పేరు లేని శాసనం

పొలమో ఇంటి స్థలమో కొన్నవాళ్లు తమ క్రయ దస్తావేజును ఒకసారి తీసి నెమ్మదిగా చదవండి. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, ముట్టిన సొమ్ము వివరాలు అయ్యాక చాలా దస్తావేజుల్లో ఓ పాతకాలపు మాట తగులుతుంది. నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ స్వామ్యాలతో ఈ ఆస్తిని పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసింది అని. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరికి ఆ వాక్యం కంఠోపాఠం. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా అది చెక్కుచెదరలేదు.

ఆ మాట మన రిజిస్ట్రేషన్ శాఖ పుట్టించింది కాదు. విజయనగర రాజులు అగ్రహారాలు దానం చేసేటప్పుడు రాగిరేకుల మీద చెక్కించిన మాట. భూమిలో దొరికే నిధి, దాచిపెట్టిన నిక్షేపం, నీరు, రాయి, ఇప్పుడు వస్తున్న ఆదాయం, రేపు రాబోయే ఆదాయం, ఇప్పటికే సాగులోకి వచ్చిన నేల, ఇకముందు సాగులోకి తేగల నేల... స్థూలంగా ఈ ఎనిమిదీ అష్టభోగాలు. ఒకప్పుడు రాజు ఊరికి ఊరే రాసిచ్చేటప్పుడు వాడిన ఈ మాట ఇవాళ అయిదు సెంట్ల స్థలం కొన్న చిరుద్యోగి చేతికీ వచ్చింది. అందుకు సంతోషించాల్సిందే. కానీ రాగిరేకు నుంచి స్టాంపు కాగితం దాకా వందల ఏళ్లు సాగిన ఈ రాతలో ఒక మనిషికి ఎప్పుడూ సరైన చోటు దొరకలేదు. అతను ఆ నేలను దున్నినవాడు. మధ్యయుగపు భూస్వామ్యం గురించి ఇప్పుడు మాట్లాడుకోవలసిన అవసరం అక్కడే ఉంది.

రాజు సొత్తా, అందరి ఉమ్మడా?

రాజుల కాలంలో భూమి ఎవరిది? ఒక్క విజయనగరం నుంచే ఈ ప్రశ్నకు రెండు జవాబులు దొరుకుతాయి. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మొదటిది 14వ శతాబ్దపు మాధవాచార్యులది. బుక్కరాయల కొలువుతో ముడిపడిన పండితుడాయన; వేదభాష్యకారుడు సాయణాచార్యుల అన్న. ‘జైమినీయ న్యాయమాల’లో ఆయన మీమాంసకుల పాత చర్చ ఒకటి తిరిగి ఎత్తుకున్నారు. విశ్వజిత్ యాగం చేసే రాజు తనకున్న సర్వస్వం దానం చేయాలి. మరి తన ఏలుబడిలోని భూమినంతా దానం చేసేయవచ్చా? కూడదన్నది శాస్త్రం తేల్చిన మాట. దుష్టులను శిక్షించడం, మంచివాళ్లను కాపాడటం వరకే రాజు పని. భూమి అతని సొత్తు కాదు. తమ తమ కష్టానికి ఫలం అనుభవించే ప్రాణులందరికీ అది ఉమ్మడి.

రెండో జవాబు పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్‌ది. అచ్యుతదేవరాయల కాలంలో, 1535 నుంచి 1537 వరకు విజయనగరంలో ఉండి చూసినవి, విన్నవి రాసిపెట్టాడు. నేలంతా రాజుదేనని, నాయకులు దాన్ని రాజు దగ్గర పుచ్చుకుని రైతులకు ఇస్తారని, ఎవరికీ సొంత భూమి లేదని అతని మాటల సారాంశం. రైతు పంటలో పదింట తొమ్మిది వంతులు దొరకు కట్టాలని కూడా రాశాడు. అంత ఇచ్చుకుంటే ఏ రైతూ మరుసటేడు నాగలి పట్టలేడు కనుక ఆ లెక్కలో అతిశయోక్తి ఉందని చరిత్రకారులు అనుకుంటారు. అయితే అతనికి కనిపించిన దృశ్యం మాత్రం అబద్ధం కాదు.

పండితుడి జవాబు ధర్మం ఎలా ఉండాలో చెప్పింది. వ్యాపారి జవాబు పంట ఎటు పోతోందో చెప్పింది. ఈ రెంటికీ నడుమ మధ్యయుగపు భూమి హక్కు అసలు రూపం ఉంది. ఆనాడు భూమి హక్కు అంటే గట్ల మధ్య ఉన్న నేల మొత్తం మీద ఒకరికే ఉండే పూర్తి పెత్తనం అని అర్థం లేదు. పండిన దాంట్లో ఎవరికి ఎంత వాటా అన్నదే హక్కు. మన పాత మాటలే చూడండి. అరి, కోరు, మేర, మాన్యం, భోగం, పుల్లరి... ప్రతిదీ ఒక వాటా పేరో, ఒక వాటాను వదులుకున్న పేరో. పచ్చిక బయళ్లలో పశువులు మేపుకొన్నందుకు కట్టే పుల్లరి కాకతీయుల నాటి పన్నుల్లో ఉంది. అదే పుల్లరి కట్టబోమని 1922లో పల్నాటి అడవుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. రాజులు మారారు, రాజ్యాలు మారాయి, వాటా పేరు ఆరువందల ఏళ్లు బతికింది.

అమరం లెక్క

ఈ వాటాలను సైన్యంగా మార్చే ఏర్పాటు పేరే నాయంకరం. కాకతీయుల పాలనలో, ముఖ్యంగా రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో అది వేళ్లూనుకుంది. ఓరుగల్లు కోటకు 77 బురుజులని, ఒక్కో బురుజు కాపు ఒక్కో నాయకుడిదని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ చెప్పే ఐతిహ్యం. అంకె సంగతి ఎలా ఉన్నా పద్ధతి సారం అందులో ఉంది. రాజు జీతం ఇవ్వడు, ఊళ్లిస్తాడు. ఆ ఊళ్ల రాబడితో నాయకుడు సైన్యాన్ని పోషించి, రాజు పిలిచిన నాడు వచ్చి నిలబడాలి. ఆ నాయకుల్లో పెద్ద వంశాల వాళ్లే కాక కత్తి బలంతో పైకొచ్చిన మామూలు కుటుంబాల వాళ్లూ ఉన్నారు. పుట్టుకను మించి పనితనాన్ని చూసిన ఆ వెసులుబాటే కాకతీయుల బలమైంది.

విజయనగరం దాన్ని మరింత పెద్దది చేసింది. ఊళ్లు స్థూలంగా మూడు రకాలు. రాబడి నేరుగా రాజు ఖజానాకు పోయేవి భండారవాడ గ్రామాలు. నాయకులకు అప్పగించినవి అమర గ్రామాలు. గుళ్లకు, బ్రాహ్మణులకు, సేవకులకు పన్ను లేకుండా ఇచ్చినవి మాన్యాలు. నాయకుడి తరఫున రాజధానిలో స్థానాపతి ఉండేవాడు. అతను దొరకు కళ్లూ చెవులూ. రాజు చేతిలో ఒకరకంగా జామీను కూడా.

నూనిజ్ చెప్పిన అంకెల్లో ఈ ఏర్పాటు బరువెంతో తెలుస్తుంది. రాజ్యం రెండువందల మందికి పైగా నాయకుల మధ్య పంపకమై ఉంది. వాళ్ల నేలల రాబడి 120 లక్షలు. అందులో 60 లక్షలు రాజుకు కట్టాలి. మిగిలిన సగంతో ఆరు లక్షల కాల్బలాన్ని, 24 వేల గుర్రాలను పోషించాలి. సెప్టెంబరులో తొమ్మిది రోజుల పండుగ నాటికి లెక్క చెల్లించాలి. మనం మహర్నవమి అని, విజయనగర వైభవమని చెప్పుకొనే ఆ ఉత్సవం రాజ్యమంతటి శిస్తు గడువు కూడా. కట్టలేకపోయినా, సైన్యంలో లోటు కనిపించినా అమరం ఊడేది. నాయకుల పట్టు ఇంత కఠినంగా ఉన్నందువల్లే సామాన్య జనం బాధలు పడుతున్నారని నూనిజ్ ఆ లెక్కల పక్కనే రాశాడు.

చోళమండలం ఏలిన సాళువ నాయకుడి ఉదాహరణ చూడండి. రాబడి 11 లక్షల బంగారు వరహాలు. మూడో వంతు రాజుకు. మిగతా దానితో 30 వేల కాల్బలం, 3 వేల గుర్రాలు, 30 ఏనుగులు. కృష్ణదేవరాయల తర్వాత అచ్యుతరాయలు గద్దెనెక్కగానే ఇంత బలమున్న అదే నాయకుడు తిరగబడ్డాడు. రాజు దండెత్తి వెళ్లి అణచాల్సి వచ్చింది. వాటాను సైన్యంగా మార్చే ఏర్పాటులో ఉన్న ఇబ్బందే ఇది. రాజుకు సైన్యం నాయకుడి చేతిలో ఉంటుంది. నాయకుడికి ఊళ్లు రాజు దయలో ఉంటాయి. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. ఎవరికి ఎంత తొందర కలిగినా ఆ భారం చివరకు కళ్లంలోని ధాన్యం రాశి మీదికే దిగేది.

ఇది ఐరోపా ఫ్యూడలిజమేనా అన్న వాదం చరిత్రకారుల్లో ఇప్పటికీ తెగలేదు. భూదానాల వల్ల మన దేశంలోనూ అలాంటి వ్యవస్థే ఏర్పడిందని 1965లో ఆర్.ఎస్. శర్మ వాదించారు. మన రైతుకు పొలం మీద, తన శ్రమ మీద ఐరోపా రైతు కంటే ఎక్కువ స్వతంత్రం ఉండేదని హర్బన్స్ ముఖియా అడ్డు చెప్పారు. విజయనగరం వంటి రాజ్యాల్లో కేంద్రం పట్టు మనం అనుకున్నంత గట్టిది కాదని బర్టన్ స్టీన్ అన్నారు. శాసనాలను ఏళ్లతరబడి జల్లెడ పట్టిన నొబొరు కరషిమా నాయకుల కాలాన్ని ఫ్యూడల్ కాలంగానే చూశారు. ఏ పేరు పెట్టినా పొలంలో ఉన్నవాడికి తేడా పడేది తక్కువ. అతనికి తెలిసిన వ్యవస్థ అంతా కళ్లంలోనే ఉంది.

కళ్లంలో రాశి చుట్టూ

ఆ కళ్లం దగ్గరికే వెళ్దాం. కోత అయింది, నూర్పు అయింది, తూర్పారబట్టారు. ధాన్యం రాశి పోశారు. రైతు ఒక్క కుంచం కూడా ముట్టుకోకూడదు. రాశి మీద ముద్ర పడుతుంది. తలారి రాత్రంతా కాపలా కాస్తాడు. అధికారి వచ్చి ముద్ర చూసి సరేనన్న తర్వాతే కొలత.

కొలత మొదలైతే ముందు దేవుడి పాలు తీస్తారు. తర్వాత పన్నెండుగురు ఆయగాళ్ల మేరలు. లెక్క రాసిన కరణానికి, కాపు కాసిన తలారికి, మడి మడికీ నీరు పెట్టిన నీరుకట్టుకి, కర్రు కాల్చిన కమ్మరికి, మేడి చెక్కిన వడ్రంగికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికిన చాకలికి, గడ్డం గీసిన మంగలికి, ముహూర్తం పెట్టిన పురోహితుడికి ఎవరి తూములు వారికి. కొలిచేవాడికీ దోసిలి ఉంటుంది. అవన్నీ పోయాక మిగిలిన రాశిని దొరపాలు, రైతుపాలుగా విడదీస్తారు. నీటిపొలమా, వెలిపొలమా అన్నదాన్ని బట్టి, ఊరి వాడుకను బట్టి ఆ వంతులు మారేవి. శాస్త్రం చెప్పిన ఆరో వంతు పుస్తకాల్లో ఉండిపోయింది. సగం సగం అన్నది చాలాచోట్ల జీవితమైంది. రైతు తన సగంలోంచి విత్తనం తీసి పక్కన పెట్టాలి, పాత అప్పు తీర్చాలి, ఎడ్లను మేపాలి, పిల్లలకు గంజి పోయాలి.

ఈ పంపకంలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. పంట పండకపోతే రాశి ఉండదు. రాశి లేకపోతే దొరకూ దక్కేది లేదు. కరువులో కష్టం అందరిదీ అయ్యేది. చేతివృత్తుల వాళ్లకు ఊరి పంటలో ఆనవాయితీగా వచ్చే హక్కు ఉండేది. ఎకరాకు ఇంతని నగదు ముందే పుచ్చుకుని, వాన పడ్డా పడకపోయినా నాకు సంబంధం లేదనే ఇవాళ్టి కౌలు కంటే ఆ ఒక్క విషయంలో ఆ కాలమే నయం. అయితే ఆ రాశి చుట్టూ నిలబడ్డ వారిలో తన వాటాను చివరగా, మిగిలిన దానిలోంచి తీసుకునేవాడు ఎవరో మరిచిపోకూడదు. రాశిని పండించినవాడే.

రాతి మీద ఎవరి పేరు?

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు రెండు రాతిపలకల మీద 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన పెద్ద చెరువు కథ అది. మన నీటిపారుదల చరిత్రలో అంతటి విలువైన రాత అరుదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్ట పొడవెంత, ఎత్తెంత, వెడల్పెంతో ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని ఉంది.

ఆ రాతి ముందు నిలబడితే గర్వంతో పాటు ఒక బాధ కూడా కలుగుతుంది. రాజకుమారుడి పేరుంది, దైవస్తుతి ఉంది. తట్ట మోసిన వెయ్యిమందీ ఒక అంకె. ఆ చెరువు కింద మడి కట్టిన రైతు ఆ అంకెలో కూడా లేడు.

మన దాన శాసనాల తీరంతా అదే. దాత పేరు, వంశం, బిరుదులు. గ్రహీత పేరు, గోత్రం, శాఖ. పొలం కొలత మర్తురుల్లోనో, చల్లే విత్తనం తూముల్లోనో. తూర్పున వేపచెట్టు, దక్షిణాన వాగు, పడమట పుట్ట అని హద్దులు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం చెల్లాలని ఆశంస. ఈ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం. హద్దుగా నిలిచిన వేపచెట్టుకు దొరికిన చోటు ఆ వేపచెట్టు కింద అన్నం మూట విప్పుకున్న మనిషికి సాధారణంగా దొరకలేదు.

ఇది మన ఒక్కరి దోషమూ కాదు. 1085 క్రిస్మస్ వేళ గ్లోస్టర్‌లో కొలువుదీరిన ఇంగ్లండ్ రాజు విలియం, తాను జయించిన దేశమంతా లెక్క కట్టించమన్నాడు. మరుసటేడే 13 వేలకు పైగా ఊళ్ల వివరాలు సేకరించారు. అలా తయారైందే డూమ్స్‌డే గ్రంథం. అక్కడ రాజు నిజంగానే భూమికంతటికీ పై యజమాని. దొరలంతా అతని కింద భూమి అనుభవించేవాళ్లే. ఏ ఊరు ఎవరి చేతిలో ఉంది, పాత రాజు కాలంలో ఎవరిది, నాగళ్లెన్ని, పందులు మేసే అడవెంత అన్నీ రాశారు. దొరలను పేరు పేరునా రాశారు. రైతులను మాత్రం ఊరికి ఇంతమంది అని లెక్కపెట్టి వదిలేశారు. ప్రపంచంలో ఏ మూలైనా పాలకుడు భూమిని రాయించేది తనకు రావలసినది తెలుసుకోవడానికే. పండించేవాడికి రావలసినది రాయించాలన్న ఆలోచన ప్రజాస్వామ్యంతో వచ్చింది. అది ఇంకా పూర్తి కాలేదు.

శాసనాల్లో ఒక వెలుగు రేఖా ఉంది. దశబంధ మాన్యం. చెరువు తవ్వించినవాడికి, తెగిన కట్టను బాగు చేసినవాడికి ఆ ఆయకట్టులో కొంత నేలను పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చేవారు. పదో వంతు అన్నది దాని పేరులోనే ఉంది. నేలను బాగు చేసినవాడికి నేల మీద హక్కు పుడుతుందన్న సూత్రం అది. రాయలసీమలో ఇనాంలు రద్దయ్యే దాకా దశబంధ ఇనాంలు బతికాయి. పెట్టుబడి పెట్టగలవాడికే అది అందిందన్నది నిజం. అయినా ఆ సూత్రాన్ని గట్టు మీది రైతు దాకా దించి ఉంటే మన పల్లెల చరిత్ర మరోలా ఉండేది.

రైతు చేతిలో ఉన్న ఒకే ఆయుధం

మరి రైతుకు ఏ బలమూ లేదా? ఉంది. వెళ్లిపోవడం. ఆ రోజుల్లో నేలకు కొదవ లేదు, దున్నే చేతులకే కొదవ. ఊరు ఖాళీ అయితే అమరం రాబడి సున్నా. అందుకే ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో కృష్ణదేవరాయలు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. దేశం చిన్నదైనా కుంటలు, కాల్వలు తవ్వించి, పేదరైతుకు అరిలోనూ కోరులోనూ వెసులుబాటు ఇస్తే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్నది మొదటిది. రెండోది ఇంకా పదునైంది. కష్టాలు తాళలేక జనం ఊరొదిలి పోతుంటే, వాళ్లను వెనక్కి పిలవకుండా వాళ్ల పశువులను, ధాన్యాన్ని అమ్ముకుని, ఇళ్ల దూలాలు పొయ్యిలోకి పనికొస్తాయని లెక్కలేసే అధికారి యుద్ధభూమిలో తిరిగే నక్క లాంటివాడు. అలాంటి అధికారి ఉన్న రాజు ఏడు దీవులు ఏలినా బాగుపడడు.

ఈ మాటలు సింహాసనం మీది నుంచి వచ్చాయి. రాజ్యం ఉచ్చదశలో ఉండగా కూడా రైతులు ఊళ్లు వదిలిపోయేవారని, ఆ ఖాళీ ఇళ్లను దోచుకునే అధికారులు ఉండేవారని రాజుకు తెలుసు. నాయకుల దగ్గర 60 లక్షలు వసూలు చేసేదీ రాజే, పేదరైతు మీద దయ చూపమనేదీ రాజే. అమర వ్యవస్థ లోపలి చీలిక ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. రాయలవారి మంచితనాన్ని శంకించనక్కర్లేదు. మంచి రాజు మీద ఆధారపడే రక్షణ ఆ రాజు ఉన్నన్నాళ్లే ఉంటుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

వెళ్లిపోవడమే కాదు, ఎదురు నిలబడటమూ ఉంది. రెండో దేవరాయల కాలంలో, 1429లో, కావేరీ సీమలో కుడిచేతి, ఎడమచేతి కులాల వాళ్లు పాత వైరాలు పక్కన పెట్టి ఒక్కటయ్యారు. అక్రమ వసూళ్లు చేసే అధికారులకు, వాళ్లతో చేతులు కలిపే భూస్వాములకు సహకరించబోమని, లెక్కలు రాసిపెట్టబోమని తీర్మానించి గుడి గోడల మీద చెక్కించారు. ఏ పంటకు ఎంత కట్టాలో కూడా రాయించారు. తమ హక్కును తామే రాసుకున్న మధ్యయుగపు అరుదైన సాక్ష్యం అది. జనం ఒక్కటైతేనే రాయి వాళ్ల తరఫున మాట్లాడింది.

అమరం నుంచి జాగీరు దాకా

1565లో రక్కసి తంగడి యుద్ధంతో రాజధాని కూలింది. తంజావూరు, మదుర, జింజి నాయకులు కాలక్రమంలో సొంత రాజులయ్యారు. రాయలసీమలో పాళెగాళ్లు కోటలు కట్టుకున్నారు. రాజు తిరిగి పుచ్చుకోగల అమరం తండ్రి నుంచి కొడుక్కి పోయే ఆస్తిగా మారింది. 1800లో ఈస్టిండియా కంపెనీ తరఫున దత్తమండలాలకు వచ్చిన థామస్ మన్రో లెక్కకు 80 మంది పాళెగాళ్లు తేలారు. ఆయన వాళ్లను అణచి, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతి తెచ్చాడు. ఉత్తర సర్కారుల్లో అదే సమయంలో జమీందారీ శాశ్వతమైంది. సేవకు బదులుగా నేల అనుభవించిన కట్టుబడుల మాన్యాలను కంపెనీ లాక్కోవడం మొదలెట్టాక, 1846లో వాళ్లే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. నిజాం రాజ్యంలో పాత కథ జాగీరు పేరుతో సాగింది. రాజ్యంలో సుమారు 30 శాతం నేల జాగీర్ల కింద, మరో 10 శాతం నిజాం సొంత ఖర్చుల సర్ఫేఖాస్ కింద ఉండేది.

ఈ కథంతా పాలకుర్తిలో ఒక కళ్లం దగ్గరికి వచ్చి ఆగింది. చాకలి ఐలమ్మ మల్లంపల్లి వారి నేలను కౌలుకు చేసింది. పండిన పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను పంపాడు. ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్తలు అడ్డుపడి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఎన్ని తరాలుగానో కళ్లంలో మేర కోసం ఎదురుచూసిన కులం నుంచి వచ్చిన ఆడది, ఈ రాశి నాది అంది. తెలంగాణ సాయుధ పోరాటానికి ఊపునిచ్చిన ఘట్టాల్లో అదొకటి. ఐలమ్మ ఆ నేలకు పట్టాదారు కాదన్నది మనం తరచూ మరిచిపోతాం. ఆమె కౌలుదారు.

తర్వాత చట్టాలొచ్చాయి. 1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీలను రద్దు చేసింది. 1949లో హైదరాబాద్‌లో జాగీర్లు పోయాయి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. రాజు, నాయకుడు, జాగీర్దారు అనే పై అంతస్తులన్నీ కూలాయి. ఆ పని చిన్నదేమీ కాదు. దానికోసం చనిపోయినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ కింది గది అలాగే మిగిలింది.

కంప్యూటర్‌లోనూ కనిపించని రైతు

ఇవాళ డెల్టాలోనో, వరంగల్ పత్తి చేలల్లోనో మే, జూన్ నెలల్లో ఏ ఊరి రచ్చబండ దగ్గర ఆగినా వినిపించే మాట కౌలు. ఎకరాకు ఇన్ని బస్తాలు, లేదా ఇన్ని వేలు అని నోటిమాటతో బేరం కుదురుతుంది. కాగితం ఉండదు. పట్నంలోనో అమెరికాలోనో ఉన్న భూయజమానికి కాగితం మీద సంతకం పెడితే పొలం పోతుందేమోనన్న భయం. సంతకం అడిగితే వచ్చే ఏడు ఈ పొలం వేరేవాడికి ఇస్తాడేమోనని కౌలుదారు భయం. ఒకే కాగితానికి రెండు వైపులా ఇద్దరూ భయపడుతున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం దాని చోటులోకి వచ్చింది. 11 నెలల గడువుతో కార్డు ఇస్తారు. కానీ యజమాని సంతకం కావాలి. గేటు అక్కడే మూసుకుంటోంది. తెలంగాణలో 2018లో ఎకరాకు పంటకు 4 వేల రూపాయలతో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది. 2020లో ధరణి వచ్చాక, పహాణీలో తరతరాలుగా ఉన్న సాగుదారు గడి కూడా పోయింది. ఏళ్ల తరబడి ఒకే చేను దున్నిన మనిషి రాజ్యం కంటికి ఒక్క దెబ్బతో కనిపించకుండా పోయాడు.

ఈ అయిదారేళ్లలో మన రెండు రాష్ట్రాల్లోనూ భూమి రికార్డు మీద జరిగినంత రాజకీయం మరి దేని మీదా జరగలేదు. పాసుపుస్తకం మీద పాలకుడి బొమ్మ ఉండాలా, రాజముద్ర ఉండాలా అన్నది ఎన్నికల అంశమైంది. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కుల చట్టం ఒకటి వచ్చింది, భయం పుట్టించింది, 2024లో రద్దయింది. ఈ గొడవలన్నీ పట్టాదారు హక్కు చుట్టూనే తిరిగాయి. అది ముఖ్యమే, పొలం కోల్పోతానన్న రైతు భయం నిజమైనదే. అయితే దున్నుతున్నవాడి పేరు రాసే గడి గురించి అంతటి చర్చ ఏ సభలోనూ జరగలేదు. బొమ్మ ఎవరిదన్నది పోరుమామిళ్ల రాతి నాటి ప్రశ్న. మనం అడగాల్సింది ఆ రాతి మీద లేని పేరు గురించి.

చేయాల్సింది అసాధ్యమైనదేమీ కాదు. యాజమాన్యం రికార్డు ఒకటి, సాగు రికార్డు ఇంకొకటిగా ఉండాలి. సాగు రికార్డులో పేరున్నంత మాత్రాన యజమానికి భూమి పోదని చట్టంలో అనుమానానికి తావులేకుండా రాయాలి. అప్పుడు యజమాని భయం పోతుంది. ప్రతి సీజనులో చేలోకి వెళ్లి ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసి, ఆ జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదవాలి. యజమాని సంతకానికి బదులు చుట్టుపక్కల చేల రైతుల సాక్ష్యం చాలాలి. ఏ చేను ఎవరు దున్నుతున్నారో ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. పంట రుణం, బీమా, నష్టపరిహారం, గింజల కొనుగోలు డబ్బు ఆ జాబితాను పట్టుకునే వెళ్లాలి. అప్పు తీర్చలేక ఉరి వేసుకున్న కౌలు రైతు ఇంటికి వచ్చిన అధికారి, ఇతని పేరు మీద భూమి లేదు కనుక ఇతను రైతు కాడు అని రాసుకుపోయే రోజు అప్పుడే పోతుంది.

మధ్యయుగపు రాజు దున్నేవాడి పేరు రాయించలేదు. అతనికి కావలసింది సైన్యం, ఆ సైన్యానికి వాటా. మనకు ఆ సాకు లేదు. భూమి ప్రాణులందరి ఉమ్మడి అన్న మాట మన నేల మీద ఆరున్నర శతాబ్దాల కిందటే ఒక పండితుడు రాశాడు. పేదకు అరిలో, కోరులో వెసులుబాటు ఇవ్వమని ఒక చక్రవర్తి పద్యం చెప్పాడు. ధర్మం తెలియక జరిగిన అన్యాయం కాదిది. తెలిసిన ధర్మాన్ని కాగితం మీదికి ఎక్కించనందువల్ల మిగిలిపోయిన అన్యాయం.

కౌలు అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. దాని అర్థం మాట, ఇచ్చిన మాట. మన ఊళ్లలో కౌలు ఇప్పటికీ మాటగానే ఉండిపోయింది. అష్టభోగాల గురించి అన్ని వందల ఏళ్లు విసుగు లేకుండా రాసిన చేతులు మనవి. ఇంకొక్క గడి గీసి, అందులో ఒక పేరు రాయలేవా?